సోవర్, హోవర్, ఓవర్: బస్తర్ నోట అరుదైన ధ్వనులు ఎలా పుట్టాయి?

బీజాపూర్ జిల్లా దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది పామేడు. కాగితాల మీద అది ఛత్తీస్‌గఢ్. కానీ ఏళ్ల తరబడి అక్కడికి సరుకులు వెళ్లినా, అక్కడి నుంచి రోగులు బయటికి వచ్చినా దారి మాత్రం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మీదుగానే. అందుకే ఆ ప్రాంతంలో తెలుగు పరాయి భాష కాదు. ఇంట్లో కోయ లేదా దోర్లీ, సంతలో తెలుగు, సర్కారు కార్యాలయంలో హిందీ. ఉత్తరానికి వెళ్తే మాడియా, మురియా అనే గోండీ మాండలికాలు. జగదల్‌పూర్ వైపు మళ్లితే హల్బీ. వంద, నూట యాభై కిలోమీటర్ల లోపే ఇన్ని భాషలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండే చోటు తెలుగువాళ్లకు ఇంత దగ్గరలో మరొకటి లేదేమో.

ఈ అడవి దాదాపు అన్నీ ఇస్తుంది, ఉప్పు ఒక్కటి ఇవ్వదు. అది బయటి నుంచి రావలసిందే. సారపప్పు పోసి ఉప్పు తెచ్చుకున్న రోజుల గురించి, ఆ మారకంలో వ్యాపారులు చేసిన మోసం గురించి బస్తర్ మీద రాసినవాళ్లు చాలామందే చెప్పారు. అంత ముఖ్యమైన సరుక్కి గోండీ మాట్లాడేవాళ్లంతా ఒకే మాట వాడతారు, కానీ ఒకేలా పలకరు. మోటుగా చెప్పాలంటే ఆదిలాబాద్ వైపు అది ‘సోవర్’. బస్తర్ నడిమి భాగాల్లో ‘హోవర్’. దక్షిణాన, కోయల వైపు వచ్చేసరికి ‘ఓవర్’.

మొదటి హల్లు స, ఆ తర్వాత హ, చివరికి ఏమీ లేదు. బయటివాళ్ల చెవికి ఇది ఉచ్చారణ లోపంలా వినిపించవచ్చు. ఒక భాషలో కొత్త ధ్వని ఎలా పుడుతుంది, ఎలా పోతుంది అన్న ప్రశ్నకు మాత్రం ఇంత శుభ్రమైన ఉదాహరణ దొరకడం అరుదు. ఆ ప్రశ్న తెలుగుకూ వర్తిస్తుంది. మనం ‘ఉప్పు’ అంటున్నాం కదా, దాని ముందు కూడా ఒకప్పుడు ఒక హల్లు ఉండేది.

నాలుక అలసిపోతే

స పలకాలంటే నాలుక కొస పైకి లేచి, పళ్ల వెనక సన్నని సందు మిగల్చాలి. ఆ సందులోంచి గాలి దూసుకుపోవాలి. నాలుక ఆ పని మానేసి, గాలి మాత్రం వదిలితే మిగిలేది హ. ఆ గాలి కూడా తగ్గితే మిగిలేది వట్టి అచ్చు. ఈ మెట్లు దిగడం తేలిక, ఎక్కడం కష్టం. హ కాస్తా స అయిన భాషలు వెతికినా దొరకడం అరుదు. అందుకే సోవర్, హోవర్, ఓవర్ అన్న మూడు రూపాలు పక్కపక్కన కనిపించినప్పుడు ఏది పాతదో, ఏది కొత్తదో భాషావేత్తలు పెద్దగా తడుముకోకుండా చెప్పగలరు.

ఇది గోండీకే ప్రత్యేకం కాదు. సంస్కృతంలో ‘సప్త’ అన్న ఏడు ఫారసీలో ‘హఫ్త్’. పాత గ్రీకులో ‘హెప్తా’, నేటి గ్రీకులో ‘ఎఫ్తా’. సింధువు పడమటివాళ్ల నోట హిందువై, గ్రీకుల దగ్గర హ కూడా రాలిపోయి ‘ఇండియా’గా తిరిగి మన చేతికొచ్చింది. ఏథెన్సు మీదుగా జరిగితే దీన్ని చరిత్ర అంటాం. ఉసూరు అడవుల్లో జరిగితే యాస అంటాం.

గోండీలో ఈ మార్పును లోతుగా పరిశీలించినవారు తెలుగువారే. ఒంగోలులో పుట్టి, 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు తొలి ఆచార్యులై, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) 1998లో దీని మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. నాలుగు రాష్ట్రాల్లో పరుచుకున్న గోండీ మాండలికాల నుంచి స‌తో మొదలయ్యే మాటలన్నీ ఏరి, ఏ మాట ఎక్కడ ఏ రూపంలో ఉందో చూశారు. ఉత్తర, పశ్చిమ మాండలికాల్లో స నిలిచింది. దక్షిణం, ఆగ్నేయం వైపు జరిగేకొద్దీ హ అయ్యి, ఆ తర్వాత మాయమైంది. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే ఆ మార్పు ఒక్క ఉదుటున రాలేదు. ఒకే మాండలికంలో కొన్ని మాటలు ముందే హ వైపు వెళ్లాయి, మరికొన్ని ఇంకా స దగ్గరే ఆగాయి. మార్పు మాట తర్వాత మాటగా పాకుతూ, చివరికి అన్నిటినీ చుట్టేసి నియమంలా కనబడుతుందని ఆయన వాదన. ధ్వని మార్పు మినహాయింపుల్లేని నియమమా, లేక మాటమాటకూ విడిగా జరిగే కథా అని 19వ శతాబ్దం నుంచీ సాగుతున్న తగువులో గోండీ ఒక ముఖ్య సాక్ష్యం అయింది.

ఇప్పుడు తెలుగు వైపు చూడండి. గోండీలో అయిదు ‘సయ్యుంగ్’ లేదా ‘హయ్యుంగ్’. ఆరు ‘సారుంగ్’ లేదా ‘హారుంగ్’. ఇవ్వడానికి ధాతువు ‘సీ’ లేదా ‘హీ’. మనకు అయిదు, ఆరు, ఈ (ఈవి, ఇచ్చు). మూల ద్రావిడంలో వీటన్నిటికీ ముందు చ లాంటి ధ్వని ఉండేదని పోల్చి చూసి తేల్చారు. తెలుగులో ఆ హల్లు శాసనాల కాలానికి ముందే రాలిపోయింది కాబట్టి మనకు జ్ఞాపకం లేదు. అయితే తెలుగులో ఆ పని సగంలోనే ఆగింది. ‘చచ్చు’, ‘చెప్పు’ వంటి మాటల్లో చ అలాగే ఉంది. గోండీలో చావడానికి ధాతువు ‘సా’, ‘హా’. అంటే ఈ విషయంలో మన కంటే గోండీయే ఎక్కువ క్రమబద్ధంగా మారింది.

ఇంకో మాట. మూల ద్రావిడంలో మన హకారం లాంటిది మామూలు హల్లుగా లేదు. తెలుగులో కనిపించే హ చాలావరకు సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లిష్ మాటలతో వచ్చినదే. పల్లెల్లో హైదరాబాదు ‘ఐదరాబాదు’ అవడం, హోటలు ‘ఓటలు’ అవడం అందుకే. మురియా నోట హ మాత్రం అరువు సొమ్ము కాదు. సొంత స అరిగి తయారైన సొంత హల్లు.

ఱ ఎక్కడికి పోయింది?

ఇంద్రావతి దాటి అబూజ్‌మాడ్ కొండల్లోకి వెళ్తే మరో వింత. అక్కడి కొండ మాడియా మాండలికంలో రెండు రకాల ర ఉన్నాయి. ఒకటి మనందరి ర. రెండోది నాలుక కొసతో కాకుండా గొంతు వెనక, కొండనాలుక దగ్గర గరగరలాడే ర. ఉర్దూ తెలిసినవాళ్లకు ‘గజల్’లోని గ, ఫ్రెంచి విన్నవాళ్లకు పారిస్ ర గుర్తుకొస్తాయి. భారతీయ భాషల్లో ఫారసీ, అరబ్బీ మాటల ఊసు లేకుండా ఇలాంటి ధ్వని సొంతంగా ఏర్పడటం చాలా అరుదు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి తెలుగు బడిపిల్లల పాత వర్ణమాల చాలు. అందులో ర కాక ఱ ఉండేది. శకటరేఫం, బండి ర. గుఱ్ఱం, గొఱ్ఱె, ఎఱ్ఱ అని రాసేవారు. ఆఱు, మాఱు, ఏఱు అనేవి ఒకప్పుడు ‘ర’తో రాస్తే తప్పు. మూల ద్రావిడంలో త‌కీ ట‌కీ మధ్యన, నాలుక కొస పంటి చిగురుకు తగిలి పలికే ఒక హల్లు ఉండేది. ఆ హల్లు అచ్చుల మధ్య అదురుతూ ఱ అయింది. ద్విత్వంగా ఉన్నచోట తెలుగులో ట్ట అయింది. తమిళంలో ఱ్ఱ రాసేచోట మనకు చుట్టు, పట్టు, పుట్ట ఉన్నాయి. తెలుగు శాసనాల్లో ఆ పాత హల్లుకు ఒక ప్రత్యేక అక్షరం కూడా ఉండేది. దాన్ని 2015లో యూనికోడ్‌లో ‘ౚ’గా చేర్చారు.

రెండు ర‌లు దగ్గరదగ్గరగా వినిపిస్తున్నప్పుడు భాషకు రెండు దారులు. ఒకటి, కలిపేయడం. తెలుగు అదే చేసింది. జనం నోట తేడా పోయిన తర్వాత కూడా ప్రాసలో ర, ఱ కలపరాదని లాక్షణికులు పట్టుబట్టారు. ఏ మాటలో బండి ర వస్తుందో చెప్పే పట్టికలు కావలసి వచ్చాయంటేనే అప్పటికి చెవి దాన్ని పట్టలేకపోతోందని అర్థం. రెండో దారి, ఆ రెండింటినీ మరింత దూరం జరపడం. కొండ మాడియా చేసింది ఇది. ఱ‌ను నాలుక కొస నుంచి కొండనాలుక దాకా వెనక్కి తోసింది. చెవికి అదురు అదురే, నోట్లో చోటు మారింది. తేడా బతికింది.

మూడో దారి కూడా ఉంది, దాన్ని చూడాలంటే అరకు వెళ్లాలి. అక్కడి కొండదొరలు మాట్లాడే కొండ భాష, అంటే కూబి, పాత ఱ‌ను పాతచోటే ఉంచుకుంది. దాంతో పాటు తెలుగులో ట్ట వచ్చిన మాటలకు సాటి మాటల్లో నాదం లేని ఱ ఒకటి తయారు చేసుకుంది. నాలుక అదురుతుంది, గొంతు మాత్రం మోగదు, గాలి ఒక్కటే వస్తుంది. నాదం ఉన్న ఱ‌కీ, లేని ఱ‌కీ అర్థభేదం చూపే భాషలు ప్రపంచంలోనే చాలా కొద్ది. కృష్ణమూర్తి 1969లో ఆ భాషకు వ్యాకరణం ప్రచురించారు. 2011 జనగణనలో కొండ మాట్లాడేవారు సుమారు 60 వేలు.

పారిస్ సంగతి ఎత్తాం కాబట్టి ఒక పోలిక. ఫ్రెంచిలో కూడా ర ఒకప్పుడు నాలుక కొసదే. అది వెనక్కి జరిగి, నగరపు పెద్దమనుషుల పలుకుగా పేరు తెచ్చుకుని, డెన్మార్క్, దక్షిణ స్వీడన్, నార్వేలోని కొన్ని పట్టణాల దాకా విస్తరించింది. నేర్చుకోవడానికి డబ్బు కట్టి తరగతులకు వెళ్తారు. అబూజ్‌మాడ్‌లో అదే నోటి భాగం, అదే రకం ధ్వని. అక్కడికి వెళ్లినవాళ్ల రాతల్లో మాత్రం ‘కరుకు భాష’ అనే మాట తప్ప మెచ్చుకోలు కనిపించదు. తేడా ధ్వనిలో లేదు.

కొండలు, అడవులు, పళ్లు

అరుదైన ధ్వనులకు కారణం వాటి చుట్టూ ఉన్న ప్రకృతే అని చెప్పాలనే ఆశ భాషావేత్తలకూ ఉంది. 2013లో కాలెబ్ ఎవరెట్ ఒక వాదన తెచ్చారు: గొంతు మూసి గాలిని పిచికారీలా వదిలే హల్లులు ఎత్తైన కొండ ప్రాంతాల భాషల్లో ఎక్కువగా కనిపిస్తాయి, పల్చటి గాలి అందుకు అనుకూలం అని. 2011లో క్వెంటిన్ అట్కిన్సన్ అనే పరిశోధకుడు ఆఫ్రికా నుంచి దూరం వెళ్లేకొద్దీ భాషల్లో ధ్వనుల సంఖ్య తగ్గుతుందన్నారు. రెండిటి మీదా గట్టి విమర్శలే వచ్చాయి. హిమాలయాల్లో, టిబెట్‌లో అలాంటి హల్లులు దాదాపు లేవు కదా అన్నది మొదటిదానికి ఎదురైన పెద్ద ప్రశ్న.

వీటికంటే నిలబడేలా కనిపించే వాదన 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. డామియన్ బ్లాసీ, బాల్తజార్ బికెల్ తదితరులు రాశారు. ఇంగ్లిష్ ఎఫ్, వీ లాంటి పెదవి-పంటి ధ్వనులు మనిషికి మొదటి నుంచీ లేవు, వ్యవసాయం వచ్చి, ఉడికిన మెత్తటి తిండి అలవాటయ్యాకే పెరిగాయి అన్నది సారాంశం. గట్టి తిండి నమిలేవాళ్ల పళ్లు అరిగి పై వరస, కింది వరస అంచుకు అంచు కలుస్తాయి. మెత్తటి తిండితో పెద్దయ్యాక కూడా పై పళ్లు కాస్త ముందుకే ఉండిపోతాయి. కింది పెదవి వాటికి తగలడం సులువు. 1985లోనే చార్లెస్ హాకెట్ ఈ ఊహ చేశారు, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈ వాదన కూడా చెప్పేది అవకాశం పెరుగుతుందనే, ధ్వని వచ్చి తీరుతుందని కాదు. వేల ఏళ్లుగా అన్నం తింటున్న తెలుగువాళ్లు ఇప్పటికీ ‘ఫోను’ను ఎఫ్‌తో కొందరు, ఒత్తు ప‌తో కొందరు పలుకుతున్నారు.

అసలైన పాఠం దక్షిణాఫ్రికాలో ఉంది. నాలుకతో ‘టక్’, ‘చ్చొచ్చొ’ అన్నట్టు చేసే శబ్దాలను మనం జాలికో, ఎద్దును అదిలించడానికో వాడతాం. ఖోయిసాన్ భాషల్లో అవి మాటల్లోని హల్లులు. జులూ, ఖోసా భాషలు బంటు కుటుంబానివి. వాటికి ఆ హల్లులు పుట్టుకతో లేవు, పొరుగువారి నుంచి తెచ్చుకున్నాయి. ఎలా? పెళ్లిళ్ల వల్ల కొంత. ‘హ్లోనిఫా’ అనే ఆచారం వల్ల ఇంకొంత అంటారు. కోడలు మామగారి పేరును, ఆ పేరులోని అక్షరాలు వచ్చే మాటలను కూడా పలకకూడదు. ఆ అక్షరం స్థానంలో పొరుగు భాషలోని హల్లు పెట్టుకుంటే నియమం తప్పదు, మాటా పోదు. భర్త పేరు చెప్పకుండా సంసారం ఈదిన మన నాయనమ్మలకు ఈ తెలివి అర్థమవుతుంది.

అక్కడ గాలీ కాదు, కొండా కాదు, ఇద్దరు పొరుగువాళ్ల మధ్య సంబంధం పనిచేసింది. బస్తర్‌లోనూ అడవిని కారణంగా చూపించడం కుదరదు. ఒకే అడవిలో ఒక మాండలికం ఱ‌ను వెనక్కి నెట్టింది, మరొకటి ర‌లో కలిపేసింది. ఎవరు ఎవరితో సంతకు వెళ్లారు, ఎవరింటి పిల్లను తెచ్చుకున్నారు, ఎవరి పలుకును అనుసరించారు అన్నవే ఎక్కువగా పనిచేసి ఉండాలి.

తెలుగు కూడా ఈ బంధుత్వంలోదే. ద్రావిడ భాషల్లో ర, ల, డ లాంటి హల్లులతో మాట మొదలవడం ఒకప్పుడు ఉండేది కాదు. తమిళంలో ‘ఇరండు’, ‘ఉరల్’. మనకు ‘రెండు’, ‘రోలు’. గోండీలో ‘రండ్’. ముందున్న అచ్చు, వెనకున్న హల్లు తారుమారై కొత్త రకం మాటలు పుట్టాయి. తెలుగు, గోండీ, కొండ, కువి భాషలు కలిసి చేసిన పని ఇది. తమిళ, కన్నడాలు ఇందులో లేవు. ధ్వనుల లెక్కన చూస్తే పామేడు మాట మనకు మద్రాసు కంటే దగ్గర.

అరుదు అనే మాటను కూడా కాస్త అనుమానంగా చూడాలి. ఇంగ్లిష్ ‘థింక్’లోని మొదటి ధ్వని ప్రపంచ భాషల్లో పదింట ఒక్కదానిలో కూడా లేదు. మన చాప, చుక్కలోని దంత్య చ (పాతవాళ్లు ‘ౘ’ అని రాసింది) మరాఠీ, తెలుగు, ఆ చుట్టుపక్కల మినహా దేశంలో ఎక్కువచోట్ల వినిపించదు. తెలుగువాళ్లం ఇన్నేళ్లూ అరుదైన ధ్వని పలుకుతున్నామని ఎవరూ ఫొటోలు తీసుకోవడానికి రాలేదు.

ఏ అక్షరం కింద?

2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా చెప్పినవారు దాదాపు 29.8 లక్షలు. కోయ చెప్పినవారు 4 లక్షల పైచిలుకు. రెండూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేవు. 2003లో చేరిన సంతాలీ, బోడోల తర్వాత ఆ జాబితా తలుపు మళ్లీ తెరుచుకోలేదు. చేర్చాలని అడిగినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: మీ ప్రామాణిక భాష ఏది?

గోండీ మాట్లాడేవాళ్లు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో నాగరి లిపితో, తెలుగు రాష్ట్రాల్లో తెలుగు లిపితో చదువుకుంటారు. సొంత లిపులూ ఉన్నాయి. మంగళ్‌సింగ్ మసారాం 1918లో రూపొందించినది ఒకటి. ఆదిలాబాద్ గుంజాల గ్రామంలోని రాతప్రతుల్లో వెలుగు చూసినది మరొకటి. ఇవి 2017, 2018లలో యూనికోడ్‌లోకి వచ్చాయి. ఉమ్మడి గోండీ నిఘంటువు కోసం హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయం, సీజీనెట్ స్వర కలిసి వివిధ రాష్ట్రాల గోండులను కూర్చోబెట్టాయి. 2018లో ఆ నిఘంటువు వచ్చింది. అలాంటి పనిలో దిగినవాళ్లకు ఉప్పు దగ్గరే చిక్కు వస్తుంది. ఆ మాటను స కింద పెట్టాలా, హ కింద పెట్టాలా, ఓ కిందా? స పెడితే చరిత్ర ప్రకారం పాత రూపం, ఎక్కువ దూరం అర్థమయ్యే రూపం. కానీ దక్షిణ బస్తర్ పిల్లకు తన ఇంటి మాట పుస్తకంలో తప్పుగా కనిపిస్తుంది. మూడూ పెడితే ప్రామాణికం అనే మాటకు అర్థం ఉండదని అధికారులు అంటారు.

మూడూ పెట్టడమే మేలు. సోవర్, హోవర్, ఓవర్ మధ్య సంబంధం ఒక్క వాక్యంలో చెప్పగలిగేంత క్రమంగా ఉంది. ఆ ఒక్క వాక్యం ముందు పేజీలో ఉంటే ఎవరి పలుకునూ కొట్టేయక్కరలేదు. ఇంగ్లిష్‌లో ‘నైట్’ అనే చిన్న మాటకు పలకని రెండు అక్షరాలు మోస్తున్న మనం దీనికి భయపడనక్కరలేదు.

2005 తర్వాత సల్వా జుడుం హింసతో దక్షిణ బస్తర్ నుంచి వేల కుటుంబాలు గోదావరి పక్క అడవుల్లోకి వచ్చాయి. మన పత్రికలు వాళ్లను గుత్తికోయలు అంటాయి. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో దోర్లా, కోయ, కొండ మాడియా అన్నీ గోండు అనే ఒకే పద్దు కింద ఉన్నాయి. గోదావరి ఇవతల వాళ్లు వలస వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలు ఇప్పుడు తెలుగు లిపి దిద్దుతున్నారు. కోయ పలుకులో తెలుగు లిపి పట్టుకోలేనిది పెద్దగా లేదు. చిక్కు కొండ మాడియాతోనే. గరగరలాడే ఆ ర‌కు తెలుగు అక్షరం లేదంటారు. నాగరిలో గ కింద చుక్క పెట్టి సరిపెట్టవచ్చు, కానీ అది వేరే చరిత్ర ఉన్న గుర్తు. తెలుగులో మాత్రం ఆ ధ్వనికి అసలు వారసత్వం ఉన్న అక్షరమే ఖాళీగా ఉంది. ప్రతి ఫోను కీబోర్డులోనూ ఉంటుంది, ఎవరూ నొక్కరు: ఱ.